కింది పోర్షన్ ఖాళీ

అంబులెన్సు వచ్చి గేటు ముందు ఆగింది. ఆగి చాలాసేపయింది. గేటు మాత్రం తెరుచుకోలేదు.

గేటుకి లోపలివైపు హర్ష, బయటివైపు తులసి. మధ్యలో ఊచలకి తీగతో కట్టిన టులెట్ బోర్డు. దాని మీది ఫోను నంబరు ఎండకి వెలిసిపోతే హర్ష మొన్ననే మళ్ళీ రాయించాడు.

"కాకినాడలో ఇంకో రెండ్రోజులు ఉంచుతారన్నారు గదండీ," అన్నాడు హర్ష.

"ఉంచి లాభం లేదన్నారండి. ఇంటికి తీసుకెళ్ళిపోమన్నారు."

"ఇంటికంటే..."

హర్ష అక్కడ ఆగిపోయాడు. ఎవరింటికి అని అడగబోయాడు. చెడ్డవాడు కాదు కాబట్టి నోరు రాలేదు. చెడ్డవాళ్ళు కాని మనుషులతోనే ఇలాంటప్పుడు ఎక్కువ ఆలస్యమవుతుంది.

అంబులెన్సులో పడుకున్నది తులసి మామగారు నూకయ్య. ఆయనకి అంతర్వేది పల్లిపాలెంలో ఇల్లుండేది. సముద్రం ఏటికేడాదీ ముందుకొచ్చి మొదట కొబ్బరిచెట్లని, తరవాత వలలు ఆరేసుకునే చోటుని, చివరికి వంటింటి గోడని పట్టుకుపోయింది. గోడ పోయాక కొడుకు ప్రకాష్ ఆయన్ని అమలాపురం తీసుకొచ్చి, ఈ మేడలో రెండో అంతస్తులో అద్దెకి దిగాడు.

అద్దె ఇంట్లో మనిషి పోకూడదు. ఇది ఏ అగ్రిమెంటులోనూ రాసి ఉండదు. గోడలకి మేకులు కొట్టొద్దని, మోటారు ఊరికే వెయ్యొద్దని ముందే చెప్పే ఇంటివాళ్ళు ఇది మాత్రం చెప్పరు. చెప్పక్కర్లేదు. ప్రాణం మీదికొచ్చిన మనిషిని అద్దెకున్నవాళ్ళే మర్యాదగా ఆస్పత్రిలో ఉంచేస్తారు. అయిపోయాక అటునించి అటే తీసుకెళ్ళిపోతారు. తులసికి ఇదంతా తెలుసు. తెలిసే తీసుకొచ్చింది.

"సాయంత్రం హాస్టలాయన వస్తున్నారండి తులసిగారూ," అన్నాడు హర్ష, నేల చూస్తూ. "బాబ్జీగారు మాటాడేరు. పిల్లల హాస్టలుకని ఖాళీగా ఉన్న అయిదు పోర్షన్లూ ఒకేసారి తీసుకుంటారంట. మా సంగతి మీకు తెలుసు గదండి."

"ఆయ్. తెలుసండి."

ఆ సంగతి వీధి వీధంతటికీ తెలుసు. అమలాపురం జిల్లా కేంద్రమైన కొత్తలో ఊళ్ళో అద్దె ఇల్లు దొరకడం గగనమైపోయింది. రెండు గదుల పోర్షను పన్నెండు వేలంటే మారుమాట లేకుండా అడ్వాన్సు చేతిలో పెట్టేవాళ్ళు. అది చూసి తోట అమ్మినవాళ్ళూ, రిటైరైనవాళ్ళూ, గల్ఫు నించి తిరిగొచ్చినవాళ్ళూ అందరూ మేడలే కట్టారు. హర్ష తల్లి ఎలీసమ్మగారు కూడా తన రిటైర్మెంటు డబ్బంతా పోసి, చాలనిదానికి కొడుకు పేర బ్యాంకులో అప్పు తెచ్చి, నాలుగంతస్తులు లేపి ఎబెనెజెరు నివాస్ అని పేరు పెట్టారు.

తీరా మేడలు పూర్తయ్యేసరికి ఆఫీసుల వాళ్ళు కాకినాడ నించీ రాజమండ్రి నించీ పొద్దున బస్సెక్కి వచ్చి, సాయంత్రం బస్సెక్కి పోవడం అలవాటు చేసుకున్నారు. ఇప్పుడు అదే పోర్షను ఏడు వేలన్నా చూసిపోయేవాళ్ళే గాని దిగేవాళ్ళు లేరు. ఈదరపల్లి వైపు ఏ వీధిలోకి వెళ్ళినా సగం మేడల్లో పై అంతస్తులు చీకటిగానే ఉంటున్నాయి. ఎబెనెజెరు నివాస్‌లో ఉన్నవి ఎనిమిది పోర్షన్లు. ఒక దాంట్లో ఇంటివాళ్ళు, ఒక దాంట్లో తులసి వాళ్ళు, మూడో అంతస్తులో బాపిరాజుగారు. మిగతావి కట్టిన దగ్గర్నించీ తాళాలే.

ఆ బాపిరాజుగారే ఇప్పుడు బాల్కనీలోంచి తొంగిచూశారు.

"ఏం హర్షా, ఎవరికైనా అయిపోయిందా?"

"లేదండి రాజుగారూ."

"అయితే ఉన్నారన్నమాట," అన్నారాయన. లోపలికి మాత్రం వెళ్ళలేదు.

ఎలీసమ్మగారు అప్పుడు బయటికొచ్చారు. హెడ్‌మిస్ట్రెస్‌గా చేసిన మనిషి. ఇద్దరితో మాట్లాడినా ఎదురుగా మూడో తరగతి అంతా కూర్చుని ఉన్నట్టే మాట్లాడతారు.

"గేటు తియ్యి హర్షా."

"అమ్మా, ఒక్కమాట..."

"తాళంచెవి ఇలా ఇయ్యి. మనం ప్రభువుని నమ్మినవాళ్ళం. మనకి చావింటి భయమేంటి?"

"మనకి లేదమ్మా. అద్దెకొచ్చేవాళ్ళకుంది."

అయినా ఎలీసమ్మగారు తాళంచెవి అందుకుని తాళం తీశారు.

లిఫ్టు పనిచెయ్యడం లేదు. అయిదు పోర్షన్లు ఖాళీగా ఉన్న మేడకి లిఫ్టు దండగని హర్ష దాన్ని ఆపించేశాడు. మెట్ల మలుపులో స్ట్రెచరు తిరగలేదు. అంబులెన్సు డ్రైవరు తనకి ఇంకో కేసుందని రెండుసార్లు చెప్పాడు.

"కింది పోర్షన్లో పడుకోబెట్టండి," అన్నారు ఎలీసమ్మగారు. "ఎలాగూ ఖాళీయే గదా."

కింది పోర్షన్లో ఇంతవరకూ ఎవరూ పాలు పొంగించలేదు. రంగుల వాళ్ళు కిటికీ అద్దాలకి అంటించిన పాత పేపర్లు అలాగే ఉన్నాయి. స్విచ్చుల మీద ప్లాస్టిక్ కాగితం కూడా తియ్యలేదు. పగలే లోపల మసకగా ఉంది. వీధి తలుపులోంచి వచ్చే వెలుతురు తప్ప ఇంకే వెలుతురూ లేదు. తులసి పైనించి చాపా, దుప్పటీ తెచ్చి పరిచింది. నూకయ్యని దింపారు. మనిషిలో బరువు లేదు. డ్రైవరు ఆక్సిజను గొట్టం తీసేసుకుని, నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

గొట్టం తీసేసినా ఊపిరి ఆగలేదు. సన్నగా, ఆగి ఆగి, వస్తూనే ఉంది. కళ్ళు మూసుకునే ఉన్నాయి.

తులసి పక్కన కూర్చుంది. చేతిసంచీలో ఫ్లాస్కు ఉంది. పొద్దున ఆస్పత్రి దగ్గర కాచిన గంజి. ఆయన ముట్టుకోలేదు. పారబొయ్యబుద్ధి కాక అలాగే తెచ్చింది. తనకి ఏడుపు వస్తుందేమోనని కాసేపు చూసుకుంది. రాలేదు. కాకినాడ నించి వస్తున్నంతసేపూ రాలేదు. ఒళ్ళంతా తిమ్మిరెక్కినట్టుంది.

"ఎవరండీ దిగేరు? నాతో మాట చెప్పకుండా దిగేరేంటండీ?"

గుమ్మం దగ్గర చెప్పులు చూసి, బ్రోకరు బాబ్జీ నవ్వుకుంటూ వచ్చాడు. అమలాపురంలో ఏ మేడలో ఏ పోర్షను ఎన్నాళ్ళనించి ఖాళీయో, ఎందుకు ఖాళీయో అతని నోట్లోనే ఉంటుంది. చాప మీది మనిషిని చూసి నవ్వు ఆపేశాడు. చెప్పులు విడిచాడు.

హర్ష అతన్ని గుమ్మంలోనే నిలబెట్టి సంగతి చెప్పాడు. బాబ్జీ అంతా విని, తలాడించి, జేబులోంచి ఫోను తీసి ఏదో వెతికాడు.

"దీపాలు పెట్టేవేళకి పంచకం వచ్చేస్తుందండి."

"అంటే ఏంటండీ?"

"మీకు పట్టింపు లేదు గాబట్టి తెలీదండి. ధనిష్ఠ నించి అయిదు నక్షత్రాలండి. వాటిల్లో మనిషి పోతే ఆ ఇల్లు పాడుపెట్టాలండి. ఆరు నెలలు తాళం వేసెయ్యాలి, దీపం కూడా పెట్టకూడదు."

"ఈ పోర్షన్ ఒక్కటే గదండీ?"

"లెక్కకి ఈ పోర్షనేనండి. గాని పైన పిల్లల్ని ఏ తల్లిదండ్రులు ఉంచుతారండి? హాస్టలాయన గుమ్మం తొక్కరు. పైన రాజుగారు నెలాఖరుకి సామాను సర్దేస్తారు. ముక్తేశ్వరంలో మా బావమరిది మేడ ఇలాగే అయిపోయిందండి. ఆరు నెలలన్నది రెండేళ్ళయింది. అయిదు వేలకన్నా ఎవరూ రావట్లేదు."

హర్ష గోడకి ఆనుకున్నాడు.

"అదే దీపాలవేళ లోపు అయిపోతే ఏ ఇబ్బందీ లేదండి," అన్నాడు బాబ్జీ. "శుభ్రంగా కడిగించేసుకుంటే చాలు. మామూలుగా పోతే ఈ రోజుల్లో ఎవరూ అంత పట్టించుకోవట్లేదు. హాస్టలాయన్ని రేపొద్దున్న రమ్మంటాను."

చాలా మర్యాదగా చెప్పాడు. చివర్న తులసివైపు తిరిగి, "డాక్టరుగారు ఏమన్నారమ్మా?" అని అడిగాడు.

"ఈ పూట గడవదన్నారండి."

"అయితే పర్లేదండి," అన్నాడు బాబ్జీ. మొహంలో సంతోషం దాచుకోలేకపోయాడు. వెంటనే సిగ్గుపడ్డాడు. "అంటే నా ఉద్దేశం అది కాదమ్మా."

"ఆయ్. తెలుసండి," అంది తులసి.

నిజంగానే కోపం రాలేదు. ఎవరో ఎవరితోనో మాట్లాడుతున్నట్టుంది.

మధ్యాహ్నం దాటింది. ఆ మేడలో ఎవరూ ఎవరితోనూ ఫలానాదాని కోసం చూస్తున్నామని చెప్పుకోలేదు. అందరూ దానికోసమే చూశారు. బాపిరాజుగారు కిందికొచ్చి గుమ్మం బయటినించే "ఎలా ఉందమ్మా?" అని అడిగారు. "అలాగే ఉందండి," అంది తులసి. "అలాగే ఉందా?" అని ఆయన కొంచెం దిగులుగా పైకి వెళ్ళిపోయారు. హర్ష గేటు దాకా నడిచి వెనక్కి వచ్చాడు. మళ్ళీ నడిచాడు.

ప్రకాష్ ఆ వేళకి వచ్చాడు. రొయ్యల చెరువు పట్టుబడిలో ఉండి, సరుకు లారీకెక్కేదాకా కదలడానికి వీల్లేకపోయింది. ప్యాంటు మోకాళ్ళదాకా బురద. తండ్రిని చూశాడు. దగ్గరికి రాలేదు.

"ఎవర్నడిగి తెచ్చేవు?"

"మావయ్యే అడిగేరు."

"అడగడానికి ఆయనకి తెలివుందా?"

"ఉంది. ఇంటికి పోదామమ్మా అన్నారు."

"ఏ ఇల్లు? ఉందా ఇల్లు?"

బయట కొబ్బరికాయల ట్రాక్టరు వెళ్ళినంతసేపూ ఇద్దరూ దాన్నే విన్నారు.

"నేను ఫోన్లో చెప్పేను గదా, అక్కడే ఉంచమని," అన్నాడు.

"చెప్పేరు."

"మరి?"

"ఉంచలేదు."

ప్రకాష్ గోడవార కూలబడ్డాడు. "బాబ్జీ గేటు దగ్గర చెప్పేడు. ఆ పంచకం సంగతి. నిజమేనంటావా?"

"నాకేం తెలుసు?"

"నిజమైనా అబద్ధమైనా మనల్ని ఖాళీ చెయ్యమంటారు."

"ఊళ్ళో సగం ఇళ్ళు ఖాళీయే గదా. ఎక్కడో ఒకచోట దొరుకుద్ది."

"మనకి దొరకదు," అన్నాడు ప్రకాష్. "బాబ్జీ చెప్పడా? ఏ ఇంటికెళ్ళినా ముందు అదే చెప్తాడు. అద్దె ఎంత తగ్గినా మనకి మటుకు ఇవ్వరు."

తులసి తల తిప్పి చూసింది. ప్రకాష్ చేతిలో ఫోను వెలుగుతోంది. మెసేజీలేవీ చూడటం లేదు. ఊరికే తెర వెలిగించి చూసి, ఆర్పేస్తున్నాడు. మళ్ళీ వెలిగిస్తున్నాడు.

"టైము మీరు కూడా చూస్తన్నారా?"

"చూళ్ళేదు."

ఫోను బోర్లించి నేలమీద పెట్టాడు. కాసేపటికి లేచి, టీ తాగొస్తానని వెళ్ళిపోయాడు. అందరికంటే అతను టైము చూడటమే తులసికి గుచ్చుకుంది. ఉదయం నించీ గుచ్చుకున్నది అదొక్కటే. అదీ ఎక్కువసేపు నిలవలేదు.

ఎలీసమ్మగారు బైబిలు పట్టుకుని వచ్చారు. మోకాళ్ళ నొప్పులున్నా చాప పక్కన మోకరించారు. చాలాసేపు కళ్ళు మూసుకుని, పెదాలు కదుపుతూ ప్రార్థన చేశారు. చివర్లో ఒకటి రెండు మాటలు పైకి వినిపించాయి. ఆమేన్ అని లేవబోతుంటే తులసి చెయ్యందించింది.

"ఏమని చేసేరండి అమ్మగారూ?"

"బాధ లేకుండా, త్వరగా..." అని ఎలీసమ్మగారు ఆగిపోయారు. "త్వరగా అన్నానా?"

"అన్నారండి."

ఎలీసమ్మగారు లేవడం మానేసి అక్కడే కూర్చున్నారు.

"ఎంతమంది మంచాల పక్కన ప్రార్థన చేసేనో, తులసీ. స్వస్థపరచమని అడిగేను. నెమ్మదినిమ్మని అడిగేను. ఎవరికీ త్వరగా అని అడగలేదు."

"పర్లేదండి."

"పర్లేదనకు," అన్నారు ఎలీసమ్మగారు. ఆ గొంతు హెడ్‌మిస్ట్రెస్‌ది కాదు.

ఎలీసమ్మగారి చెయ్యి ఒళ్ళో ఉంది. మణికట్టుకి వాచీ ఉంది. ఆవిడ దానివైపు చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడుతున్నారో తులసికి కనిపిస్తూనే ఉంది.

వీధి తలుపులోంచి ప్రహరీగోడ కనిపిస్తోంది. గోడ పైవరసలో ఇంకా ఎండ ఉంది. పల్చని ఎండ.

"అమ్మా."

తులసి ఉలిక్కిపడింది. నూకయ్య కళ్ళు తెరిచాడు. తెరిచి, పైన తెల్లటి స్లాబునే చూస్తున్నాడు.

"మావయ్యా! ఇదిగో, ఇక్కడే ఉన్నాను."

"చీకటడిందా?"

"లైటు వెయ్యమంటారా?"

"అది కాదమ్మా." ఊపిరి అందడానికి కాసేపు ఆగాడు. "ఆ బాబు చెప్పిన వేళ... దాటిపోయిందా? ఇంకా ఉందా?"

అందరూ గుమ్మంలో నిలబడి అన్నన్ని మాటలు మాట్లాడారు. కళ్ళు మూసుకున్న మనిషికి చెవులుంటాయని ఒక్కరికీ తోచలేదు. తనకీ తోచలేదు.

"నేను చూస్తానే ఉన్నానమ్మా," అన్నాడు నూకయ్య, తప్పు చేసినవాడిలా. "అవ్వట్లేదు. ఎంత చూసినా అవ్వట్లేదు. పాపం వాళ్ళకి ఆలీసం అయిపోతంది."

పడవ నడిపినన్నాళ్ళూ నూకయ్య పోటు వేళ ఒక్కసారీ తప్పలేదు. ఎవరినీ రేవులో నిలబెట్టలేదు. ఆ మనిషి ఇప్పుడు నలుగురినీ కాచుకునేట్టు చేస్తున్నందుకు సిగ్గుపడుతున్నాడు. తులసికి ఏడుపు అప్పుడొచ్చింది. ఉదయం నించీ ఎక్కడుందో అది.

కిటికీలకి పేపర్లున్నాయి. ఆయన పడుకున్న వైపునించి తలుపు కనపడదు. తులసి ప్రహరీగోడ మీది ఎండని ఇంకోసారి చూసింది.

"దాటిపోయింది మావయ్యా," అంది.

"దాటిపోయిందా?"

"ఎప్పుడో దాటిపోయింది. ఇంక తొందరేం లేదు."

"అయ్యో," అన్నాడు నూకయ్య. "మరి వాళ్ళ ఇల్లు..."

"ఇంటికేం కాదు. మీరు ఊరుకోండి. గంజి తాగుతారా?"

ఆయన ఆలోచించాడు. ఆలోచించి, "కొంచెం ఉప్పేసేవా?" అన్నాడు.

తులసి అప్పుడు ఎలీసమ్మగారివైపు చూసింది. అబద్ధం ఆడిన పిల్లల్ని బల్లమీద నిలబెట్టిన మనిషి. ఆవిడ మేడ, ఆవిడ కొడుకు అప్పు, ఆవిడ ఖాళీ పోర్షన్లు. చీకటి పడలేదని ఒక్కమాట ఆవిడ అంటే చాలు. నూకయ్య మళ్ళీ కళ్ళు మూసుకుని ప్రయత్నం మొదలుపెడతాడు.

ఎలీసమ్మగారు గోడ పట్టుకుని లేచారు. నెమ్మదిగా నడిచి వెళ్ళి వీధి తలుపు మూశారు. గడియ పెట్టారు. గది మొత్తం చీకటయింది. తరవాత గోడ తడుముకుని, స్విచ్చు మీది ప్లాస్టిక్ కాగితం చింపి, లైటు వేశారు. ఆ గదిలో లైటు వెలగడం అదే మొదటిసారి.

"చీకటి పడితే దోమలొచ్చేస్తాయి తులసీ," అన్నారు, నూకయ్యకి వినపడేలా.

తులసి మామగారి తల ఒళ్ళోకి తీసుకుంది. ఫ్లాస్కు మూతలో గంజి పోసి ఒక చెంచా పట్టింది. పెదాల పక్కనించి సగం కారిపోయింది. మిగతా సగం గుటక పడింది. గుటక చప్పుడు ఆ ఖాళీ గదిలో ముగ్గురికీ వినిపించింది.

బయట గేటు దగ్గర కారు ఆగింది. "రండి సార్, రండి, ఈ వైపు," అని బాబ్జీ గొంతు. కారు తలుపులు వేసిన చప్పుడు.

అడుగులు గుమ్మం దాకా వచ్చి ఆగాయి. తలుపుకి ఆనుకుని, బయటివాళ్ళకి వినపడకుండా, హర్ష మెల్లిగా అడిగాడు.

"అమ్మా, రేపు రమ్మన్నా ఆగకుండా హాస్టలాయన ఈ పూటే వచ్చేసేరు. అయిందా?"

ఎలీసమ్మగారు గడియ మీద చెయ్యి వేసి నిలబడ్డారు. తియ్యలేదు.

తులసి రెండో చెంచా నింపింది. నూకయ్య నోరు తెరిచాడు.